సొంత మెయిల్ సర్వరుకు డొమైన్ రికార్డులు: మహబూబ్‌నగర్, నల్లగొండ పేర్ల ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

విద్యాసంస్థ తన పేరుతో మెయిల్ సర్వరును సొంతంగా నడుపుకున్నప్పుడు, దాని నుండి వెలువడే మెయిలు నిజంగా ఆ సంస్థదేనని అవతలి సర్వర్లు నమ్మడానికి ఆధారం డొమైన్ నామవ్యవస్థలో ప్రకటించే కొన్ని రికార్డులు. ఎంఎక్స్, పీటీఆర్, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే ఈ రికార్డుల పనితీరును వివరించడం, తెలుగు లిపిలోని పేర్లకు, తెలుగు వచనానికి అవి వర్తించే తీరును మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంత నామాల సాయంతో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఈ రికార్డులు కాపాడేది ఒకే ఒక్క వర్ణక్రమాన్ని. కనుక పేరును ఏ వర్ణక్రమంతో స్థిరపరచాలన్న నిర్ణయం రికార్డుల కంటే ముందు జరగవలసిన పని అని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డొమైన్ నామవ్యవస్థ, మెయిల్ సర్వరు, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్, తెలుగు డొమైన్లు, స్థలనామాలు, మహబూబ్‌నగర్.

1. ఉపోద్ఘాతం

సదస్సుకు పత్రాలను ఆహ్వానిస్తూ ఒక కళాశాల పంపిన మెయిలు పరిశోధకుల స్పామ్ పెట్టెలో పడి గడువు దాటిపోవడం, ఆ కళాశాల ఎన్నడూ పంపని మెయిలు ఒకటి ఆ కళాశాల పేరుతోనే ఇన్‌బాక్సుకు చేరి రుసుము అడగడం నేటి విద్యారంగానికి కొత్త విషయాలు కావు. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండింటికీ మూలం ఒకటే. 1982లో జాన్ పోస్టెల్ రూపొందించిన ఎస్‌ఎంటీపీ అనే మెయిలు రవాణా నియమావళిలో పంపినవారు ఎవరో రుజువు చేసే ఏర్పాటు లేదు. పంపినవారి స్థానంలో ఏ పేరు రాస్తే ఆ పేరే చెల్లుతుంది. ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది వాడుకున్న రోజుల్లో అది లోపంగా తోచలేదు. తరువాతి కాలంలో చేరిన ప్రధాన రక్షణలు మెయిలు నియమావళి లోపల కాక దానికి వెలుపల, డొమైన్ నామవ్యవస్థలో చోటు చేసుకున్నాయి.

పరిశోధకులకు ఇది దూరపు విషయం కాదు. అసలు పత్రిక పేరును, ఐఎస్‌ఎస్‌ఎన్ సంఖ్యను వాడుకుని నడిచే నకిలీ పత్రికల గురించి యూజీసీ హెచ్చరించింది. యూజీసీ-కేర్ జాబితా అమలులో ఉన్న కాలంలో అటువంటి నకిలీల పట్టికను కూడా ప్రకటించింది. 2025 ఫిబ్రవరిలో ఆ జాబితాను నిలిపివేసిన తరువాత, తమకు వచ్చిన ఆహ్వానం అసలైన పత్రిక నుండి వచ్చిందో కాదో తేల్చుకునే భారం పరిశోధకుల మీద మరింతగా పడింది. మరోవైపు 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు పంపినవారి డొమైన్‌లో తగిన రికార్డులు లేని మెయిళ్లను నిరాకరించే విధానాన్ని కట్టుదిట్టం చేశాయి. రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి నిబంధనలు ఎక్కువ. అయితే రోజుకు పది మెయిళ్లు పంపే తెలుగు శాఖకు కూడా కనీస నిబంధనలు వర్తిస్తాయి.

డొమైన్ నామవ్యవస్థ, వాడుకలో డీఎన్‌ఎస్, 1983లో పాల్ మొకాపెట్రిస్ చేసిన రూపకల్పన. 1987 నవంబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1034, 1035 పత్రాలు నేటికీ దానికి ఆధారం. స్థూలంగా చెప్పాలంటే అది ప్రపంచమంతటా పంచి ఉంచిన ఒక పట్టిక. ప్రతి పేరుకు ఎదురుగా ఆ పేరు యజమాని కొన్ని విషయాలు రాసి ఉంచుతారు. ఎవరైనా అడిగి చదువుకోవచ్చు, రాసే అధికారం మాత్రం యజమానిది. ఆలయ ప్రాకారం మీద చెక్కించిన దానశాసనం వలె ఇది బహిరంగ ప్రకటన. శాసనం రాతిలో నిలిచిపోతుంది, ఇది యజమాని మార్చగానే మారుతుంది. ఆ పట్టికలోని ఒక్కొక్క పంక్తినే రికార్డు అంటారు.

సర్వరును సొంతంగా నడపకుండా, సొంత డొమైన్‌తో గూగుల్ లేదా జోహో వంటి సేవను తీసుకునే మార్గం కూడా ఉంది. సిబ్బంది లేని కళాశాలకు అదే వివేకం. అప్పుడు కూడా కింద వివరించే వాటిలో పీటీఆర్ మినహా మిగిలినవన్నీ సంస్థే ఏర్పాటు చేసుకోవాలి.

2. మొదట పేరు

పాలమూరు, రుక్మమ్మపేట అన్న పేర్లున్న ఊరికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరిట 1890లో మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది. పాత పేరు వాడుకలోంచి తొలగిపోలేదు. జిల్లా మహబూబ్‌నగర్ అయితే 2008లో ఏర్పడిన విశ్వవిద్యాలయం పాలమూరు విశ్వవిద్యాలయం. డొమైన్‌కు ఈ రెండింటిలో ఏది తగినదన్న ప్రశ్న స్థానికాభిమానానికి సంబంధించినదిగా మాత్రమే కనిపించవచ్చు. దానికి కచ్చితమైన సాంకేతిక పార్శ్వం ఉంది.

రోమన్ లిపిలో మహబూబ్‌నగర్‌కు స్థిరమైన వర్ణక్రమం లేదు. 2011 జనగణనలో జిల్లా పేరు హెచ్ అక్షరం తరువాత ఏ లేకుండా కనిపిస్తుంది. జిల్లా ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామాలో హెచ్ తరువాత ఏ ఉంటుంది. రెండింటికీ సమర్థన ఉంది. అరబీ మూలపదంలో హకారం అచ్చులేని హల్లు. తెలుగు ఉచ్చారణ దానికి అకారాన్ని చేర్చుకుంది. మొదటి రూపం మూలాన్ని, రెండవది తెలుగువారి నోటిని అనుసరించాయి. ‘బూ’లోని దీర్ఘాన్ని ఒక యుతో రాయడమా, రెండు ఓలతో రాయడమా అన్న రెండవ ఐచ్ఛికాన్ని కలిపితే నాలుగు రూపాలు ఏర్పడతాయి. మనిషి కంటికి ఆ నాలుగూ ఒకే ఊరు. డీఎన్‌ఎస్‌కు అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు పేర్లు, నలుగురు వేర్వేరు వ్యక్తులు కొనుక్కోగలిగినవి.

పాలమూరు ఈ విషయంలో కొంత నయం. అయితే పాలమూరు విశ్వవిద్యాలయపు డొమైన్‌లో మరొక చిక్కు కనిపిస్తుంది. పాలమూరు చివరి యు, యూనివర్సిటీ మొదటి యు పక్కపక్కన నిలిచి, రెండింటినీ టైపు చేయడం తప్పనిసరి అవుతుంది. తెలుగు చెవి ఉత్వసంధిని ఆశించే చోట డీఎన్‌ఎస్ సంధిని అంగీకరించదు. ఒక యు లోపిస్తే అది మరొకరి పేరు.

నల్లగొండ పరిస్థితి ఇంకొక రకం. నల్లగొండ, నల్గొండ అన్న రెండు రూపాలు తెలుగులోనే సమానంగా నడుస్తున్నాయి. 2007లో అక్కడ ఏర్పడిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానికి, కేరళలోని కొట్టాయంలో ఉన్న మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానికి పేరు ఒకటే, పొడి అక్షరాలు ఒకటే. ఎంజీయూ.ఏసీ.ఇన్ అన్న చిన్న డొమైన్ కొట్టాయానిది. ఒక డొమైన్‌కు ఇద్దరు యజమానులు ఉండరు గనుక నల్లగొండ విశ్వవిద్యాలయం మరొక పేరుతో ఉండక తప్పదు. చట్టం ఒకే పేరుతో రెండు సంస్థలను అనుమతిస్తుంది, డీఎన్‌ఎస్ అనుమతించదు.

2.1 తెలుగు లిపిలో పేరు

రోమన్ వర్ణక్రమపు అనిశ్చితికి తెలుగు లిపిలోనే డొమైన్ తీసుకోవడం పరిష్కారంగా తోస్తుంది. తెలుగు లిపిలో .భారత్ అనే అగ్రస్థాయి డొమైన్ ఉంది. కాని మహబూబ్‌నగర్ విషయంలో తెలుగు లిపి ఒక కొత్త సమస్యను తెస్తుంది.

ఈ పేరును కంప్యూటరులో సరిగా రాయాలంటే బకారపు పొల్లుకు, నకారానికి మధ్య కంటికి కనిపించని ఒక అక్షరాన్ని ఉంచాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లును పొల్లుగా నిలిపి, తరువాతి హల్లు ఒత్తుగా మారకుండా చూడడం దాని పని. అది లేకపోతే బకారానికి నావత్తు చేరి ‘మహబూబ్నగర్’ అవుతుంది. కనిపించని అక్షరంతో కలిపి ఈ పేరులో 11 యూనికోడ్ అక్షరాలు, లేకుండా 10. నాగర్‌కర్నూల్‌కు కూడా ఇదే స్థితి. వనపర్తి, గద్వాల, నారాయణపేట, పాలమూరు అన్న పేర్లకు ఈ బెడద లేదు.

డీఎన్‌ఎస్ నిజానికి తెలుగు అక్షరాలను నిల్వ చేయదు. 2003లో ఆడమ్ కాస్టెల్లో రూపొందించిన పునీకోడ్ పద్ధతి తెలుగు పేరును రోమన్ అక్షరాలు, అంకెల వరుసగా మారుస్తుంది. ఆ వరుస ఎక్స్, ఎన్ అన్న రెండు అక్షరాలతో, రెండు హైఫన్లతో మొదలవుతుంది. డీఎన్‌ఎస్ చూసేది ఆ వరుసనే. అంతర్జాతీయ డొమైన్లకు 2003లో చేసిన నియమావళి కనిపించని అక్షరాన్ని తొలగించి మార్పిడి చేసేది. 2010లో వెలువడిన సవరించిన నియమావళి, పొల్లు తరువాత వచ్చినప్పుడు దానిని పేరులో భాగంగా అంగీకరించింది. ఫలితంగా తెర మీద సరిగా రాసిన ఒకే పేరు, పాత పద్ధతి సాఫ్ట్‌వేరులో ఒక డొమైన్‌కు, కొత్త పద్ధతి సాఫ్ట్‌వేరులో మరొక డొమైన్‌కు దారి తీయగలదు. అగ్రస్థాయి పేర్ల కోసం తయారైన తెలుగు లిపి నియమాలలో ఈ అక్షరానికి అసలు చోటు లేదు. అవే నియమాలు తెలుగు, కన్నడ లిపుల మధ్య పోలిక కలిగిన అక్షరాలను కూడా పరిగణించాయి. జ, బ, ల వంటి అక్షరాలు రెండు లిపులలో దాదాపు ఒకే రూపంలో ఉండడం వల్ల ఒక లిపి పేరు స్థానంలో మరొక లిపి పేరును చూపి మోసగించే అవకాశం ఉంది. రాయచూరు సరిహద్దున ఉన్న ప్రాంతానికి ఇది ఊహాజనితమైన ఇబ్బంది కాదు.

ఇక చిరునామాలో డొమైన్‌కు ముందు వచ్చే వ్యక్తి లేదా శాఖ పేరు. దీనిని కూడా తెలుగులో రాయడానికి 2012లో వెలువడిన ఎస్‌ఎంటీపీయూటీఎఫ్8 అనే విస్తరణ వీలు కల్పించింది. జీమెయిల్ 2014లో ఇటువంటి చిరునామాలకు మెయిలు పంపడాన్ని, అందుకోవడాన్ని అనుమతించింది. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేరు 2015లో విడుదలైన 3.0 సంచికలో ఈ సదుపాయాన్ని చేర్చింది. అయితే మెయిలు వెళ్లే దారిలోని ప్రతి సర్వరుకూ ఈ విస్తరణ తెలిసి ఉండాలి. ఒక్క సర్వరుకు తెలియకపోయినా మెయిలు తిరిగి వస్తుంది. కనుక ప్రస్తుత స్థితిలో రోమన్ డొమైన్‌ను ప్రధానంగా ఉంచి, తెలుగు డొమైన్‌ను అదే పెట్టెకు చేరే రెండవ చిరునామాగా ఉంచుకోవడమే ఆచరణీయం. భాషాభిమానం దీనిని ఓటమిగా భావించనక్కరలేదు. తెలుగు చిరునామాకు వచ్చే మెయిలును అందుకునే సర్వరు ఒకటి పెరిగినా ఆ మేరకు దారి ఏర్పడినట్టే.

3. చిరునామా రికార్డులు

వివరణ కోసం ‘తెలుగుశాఖ.ఉదాహరణ’ అన్న కల్పిత డొమైన్‌ను తీసుకుందాం. దాని మెయిల్ సర్వరు పేరు ‘మెయిల్.తెలుగుశాఖ.ఉదాహరణ’. సర్వరు ఐపీ చిరునామా 203.0.113.25. ఈ సంఖ్యల శ్రేణి పుస్తకాలలో ఉదాహరణల కోసమే కేటాయించినది. ఆచరణలో రికార్డులన్నీ రోమన్ లిపిలో ఉంటాయి.

మొదటిది ‘ఏ’ రికార్డు. సర్వరు పేరుకు ఎదురుగా ఐపీ చిరునామాను చెబుతుంది. రెండవది ఎంఎక్స్ రికార్డు. ‘తెలుగుశాఖ.ఉదాహరణ’కు వచ్చే మెయిలును ఏ సర్వరుకు అప్పగించాలో చెబుతుంది. 1986లో ప్రవేశపెట్టిన ఈ రికార్డు వల్లనే వెబ్‌సైటు ఒక యంత్రంలో, మెయిలు మరొక యంత్రంలో ఉండగలుగుతున్నాయి. ఎంఎక్స్ ఒక సంఖ్యను, ఒక సర్వరు పేరును కలిగి ఉంటుంది. తక్కువ సంఖ్య ఉన్న సర్వరుకు ప్రాధాన్యం. 10, 20 అని రెండు రికార్డులు ఉంటే మొదటిది అందనప్పుడే రెండవదానిని ఆశ్రయిస్తారు. ఎంఎక్స్‌లో ఐపీ చిరునామాను నేరుగా రాయకూడదు. సీనేమ్ అనే మారుపేరు రికార్డు ఉన్న పేరును కూడా రాయకూడదు.

జోన్ ఫైలును చేతితో రాసేవారు తరచు పొరబడే చోటు ఒకటుంది. పూర్తి పేరు చివర చుక్క పెట్టాలి. చుక్క లేకపోతే ఆ పేరుకు డొమైన్ మరొకసారి అతుక్కుని ‘మెయిల్.తెలుగుశాఖ.ఉదాహరణ.తెలుగుశాఖ.ఉదాహరణ’ అవుతుంది. పేరు ముగిసిందని చెప్పే పూర్ణబిందువు అది. వెబ్ ద్వారా రికార్డులు నమోదు చేసే పలు సేవలు ఆ చుక్కను తామే చేర్చుకుంటాయి.

3.1 పీటీఆర్: తలకిందుల రికార్డు

ఇతర రికార్డులు పేరు నుండి సంఖ్యకు వెళ్తే, పీటీఆర్ సంఖ్య నుండి పేరుకు వస్తుంది. 203.0.113.25 అన్న చిరునామా నుండి మెయిలు వచ్చినప్పుడు అవతలి సర్వరు ‘ఈ సంఖ్య ఎవరిది’ అని అడుగుతుంది. జవాబుగా వచ్చిన పేరును తీసుకుని ‘ఈ పేరు సంఖ్య ఎంత’ అని మళ్లీ అడుగుతుంది. రెండు జవాబులు కలిస్తే నమ్మకం మొదలవుతుంది.

ఇక్కడ ఒక వింత కనిపిస్తుంది. డొమైన్ పేరు చిన్నదానితో మొదలై పెద్దదానితో ముగుస్తుంది: సర్వరు, సంస్థ, ఆపైన దేశం. ఐపీ చిరునామా అందుకు విరుద్ధంగా పెద్ద సమూహంతో మొదలై ఒక యంత్రంతో ముగుస్తుంది, ఇంటిపేరు ముందు వచ్చే తెలుగువారి పేరు లాగా. రెండింటినీ ఒకే పట్టికలో ఇమిడ్చేందుకు ఐపీ చిరునామాను తిరగరాసి 25.113.0.203 అని మార్చి, చివర ‘ఇన్-యాడర్.ఆర్పా’ అన్న ప్రత్యేక డొమైన్‌ను చేరుస్తారు.

పీటీఆర్‌తో వచ్చే చిక్కు సాంకేతికం కంటే పాలనాపరం. డొమైన్ సంస్థదే అయినా ఐపీ చిరునామా ఇంటర్నెట్ సేవాసంస్థది. పీటీఆర్ రాసే అధికారం దానిదే. కళాశాల అధికారికంగా లేఖ రాసి అడగవలసి ఉంటుంది. అంతకుముందే మారని ఐపీ చిరునామా కావాలి, 25వ పోర్టు తెరిచి ఉండాలి. సాధారణ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో ఈ రెండూ చాలావరకు ఉండవు. పైగా ఇళ్ల కనెక్షన్లకు ఇచ్చే చిరునామాల శ్రేణులు స్పామ్‌హౌస్ సంస్థ నిర్వహించే విధానపరమైన నిరోధక జాబితాలో ముందే చేరి ఉంటాయి. సొంత సర్వరు ఆలోచన చాలాచోట్ల ఆగిపోవడానికి కారణం ఇదే. సర్వరు కొనడానికి ముందు సేవాసంస్థను అడగవలసిన మొదటి ప్రశ్న కూడా ఇదే. సర్వరుకు ఐపీవీ6 చిరునామా ఉంటే దానికి కూడా వేరుగా పీటీఆర్ ఉండాలి. అది లేనప్పుడు అన్నీ సరిగా ఉన్నట్టు కనిపిస్తూనే కొన్ని మెయిళ్లు మాత్రం తిరిగి వస్తుంటాయి.

4. ఎస్‌పీఎఫ్: ఎవరికి అనుమతి

‘ఈ డొమైన్ పేరుతో మెయిలు పంపే అధికారం ఫలానా యంత్రాలకే’ అని ప్రకటించేది ఎస్‌పీఎఫ్. ఇప్పటి రూపం 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7208గా వెలువడింది. దీనికి ప్రత్యేకమైన రికార్డు రకం వాడుకలో లేదు. టీఎక్స్‌టీ అనే సాధారణ వచన రికార్డులోనే రాస్తారు. ‘వి=ఎస్‌పీఎఫ్1’ అన్న గుర్తుతో మొదలై, ‘ఎంఎక్స్’ అన్న అనుమతితో, ‘-ఆల్’ అన్న నిషేధంతో ముగిసే ఒక్క పంక్తి చిన్న సంస్థకు సరిపోతుంది. ఎంఎక్స్‌లో పేర్కొన్న సర్వరు తప్ప మరెవరు పంపినా తిరస్కరించమని దాని అర్థం. చివరి గీత స్థానంలో తరంగ చిహ్నం పెడితే తిరస్కరించకుండా అనుమానించమని అర్థం.

ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. సొంత సర్వరుకు ఒకటి, తరువాత చేరిన మరొక సేవకు ఇంకొకటి చేరిస్తే రెండూ చెల్లవు. ఉన్న పంక్తిలోనే ‘ఇన్‌క్లూడ్’ ద్వారా చేర్చాలి. ఆ పంక్తిని చదవడానికి మొత్తం మీద పదికి మించి డీఎన్‌ఎస్ ప్రశ్నలు అవసరం కాకూడదన్న పరిమితి కూడా ఉంది.

ఎస్‌పీఎఫ్ పరిశీలించేది కవరు మీది చిరునామాను, ఉత్తరం లోపలి సంతకాన్ని కాదు. మెయిలులో పంపినవారి చిరునామా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి సర్వర్ల మధ్య సంభాషణలో కనిపించేది, రెండవది పాఠకుడు తెర మీద చూసేది. మోసగాడు మొదటి దానిలో తన సొంత డొమైన్‌ను రాసి ఎస్‌పీఎఫ్ పరీక్షలో నెగ్గి, రెండవ దానిలో విశ్వవిద్యాలయపు పేరు పెట్టగలడు. అంతేకాక, ఒక ఆచార్యుడు తన పాత చిరునామాకు వచ్చే మెయిలును కొత్త చిరునామాకు మళ్లించుకుంటే, మళ్లించిన సర్వరు ఎస్‌పీఎఫ్ జాబితాలో ఉండదు గనుక సక్రమమైన మెయిలు కూడా పరీక్షలో విఫలమవుతుంది.

5. డీకిమ్: ముద్ర, తెలుగు వచనం

ఎస్‌పీఎఫ్ యంత్రాన్ని గుర్తిస్తే, డీకిమ్ ఉత్తరాన్నే గుర్తిస్తుంది. సర్వరు వద్ద ఒక రహస్య కీ ఉంటుంది. పంపే ప్రతి మెయిలు పాఠం నుండి, ముఖ్యమైన శీర్షిక పంక్తుల నుండి ఆ కీతో ఒక సంతకం తయారై మెయిలుకు చేరుతుంది. దానికి జతయైన బహిరంగ కీ డీఎన్‌ఎస్‌లో ఉంటుంది. దారిలో ఒక్క అక్షరం మారినా సంతకం కలవదు. మళ్లింపులు దీనిని సాధారణంగా చెడగొట్టవు గనుక ఎస్‌పీఎఫ్ విఫలమైన చోట ఇది నిలుస్తుంది.

బహిరంగ కీ రికార్డు ఉండే చోటు కొంచెం వింతగా ఉంటుంది. సంస్థ ఎంచుకున్న ఒక గుర్తు, దాని తరువాత ‘_డొమైన్‌కీ’, ఆపైన డొమైన్. ఆ గుర్తును సెలెక్టర్ అంటారు. ఏటా కీని మార్చదలచినవారు సెలెక్టర్‌లో సంవత్సరాన్ని చేర్చుకోవడం మంచి పద్ధతి. కొత్త కీ ప్రకటించిన వెంటనే పాతదానిని తొలగించకూడదు, దారిలో ఉన్న మెయిళ్ల సంతకాలు అప్పటికింకా పాత కీతోనే ఉంటాయి. కీ పొడవు 2048 బిట్లు ఉండడం నేటి ప్రమాణం. అటువంటి బహిరంగ కీ రికార్డులో 392 అక్షరాలు పడుతుంది. టీఎక్స్‌టీ రికార్డులో ఒక ముక్క 255 అక్షరాలకు మించకూడదు కాబట్టి దానిని రెండు ముక్కలుగా, వేర్వేరు ఉద్ధరణ చిహ్నాల మధ్య రాయాలి. అతికించేటప్పుడు మధ్యలో ఖాళీ చొరబడడం, చివరి అక్షరాలు తెగిపోవడం తరచుగా జరిగే పొరపాట్లు.

తెలుగులో మెయిళ్లు రాసేవారు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఇక్కడ ఉంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు యూనికోడ్ అక్షరం మూడు బైట్లు తీసుకుంటుంది. ‘తెలుగు’ అన్న మాటలో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు యూనికోడ్ అక్షరాలు, అంటే 18 బైట్లు. మెయిలు మొదట ఏడు బిట్ల రోమన్ పాఠం కోసం పుట్టినది. అందువల్ల తెలుగు పాఠాన్ని పంపడానికి రోమన్ అక్షరాల వేషం వేయడం పరిపాటి. బేస్64 అనే పద్ధతిలో ఆ మాట 24 అక్షరాలవుతుంది, కోటెడ్ ప్రింటబుల్ అనే పద్ధతిలో 54 అవుతుంది. ఏ వేషమూ లేకుండా ఎనిమిది బిట్ల రూపంలో పంపడం కూడా సాధ్యమే. అయితే దారిలోని ఒక పాత సర్వరు ఆ రూపాన్ని అంగీకరించనప్పుడు మెయిలును ఏడు బిట్ల రూపంలోకి మార్చి పంపుతారు. చదివేవారికి తేడా కనిపించదు, డీకిమ్ సంతకం మాత్రం చెల్లకుండా పోతుంది. ఇంగ్లీషు మెయిళ్లు సవ్యంగా చేరుతూ, అదే సర్వరు నుండి వెళ్లిన తెలుగు మెయిళ్లు మాత్రమే కొన్నిచోట్ల స్పామ్‌లో పడడానికి ఇదొక కారణం కావచ్చు. సంతకం చేయడానికి ముందే పాఠాన్ని ఏడు బిట్ల రూపంలోకి మార్చమని ఆర్‌ఎఫ్‌సీ 6376 సూచిస్తుంది. సర్వరు ఏర్పాటులో ఈ ఒక్క విషయాన్ని సరిచూసుకోవాలి. పరీక్ష కోసం పంపే మెయిలు కూడా తెలుగులోనే ఉండాలి. ఇంగ్లీషులో రెండు మాటలు రాసి పంపి ‘పని చేస్తోంది’ అనుకుంటే ఈ లోపం బయటపడదు.

6. డీమార్క్: విధానం, నివేదిక

ఎస్‌పీఎఫ్ కవరును, డీకిమ్ సంతకాన్ని చూస్తాయి. పాఠకుడికి కనిపించే పేరుతో వాటిని ముడిపెట్టేది డీమార్క్. 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7489గా వెలువడింది. తెర మీద కనిపించే డొమైన్‌తో ఆ రెండింటిలో కనీసం ఒకటి సరిపోలాలి. సరిపోలకపోతే ఏం చేయాలో డొమైన్ యజమాని ముందే చెబుతారు: ఏమీ చేయవద్దు, అనుమానితంగా పక్కన పెట్టండి, తిరస్కరించండి. ఈ మూడింటిలో ఒకటి ‘_డీమార్క్’ అన్న పేరు కింద టీఎక్స్‌టీ రికార్డుగా ఉంటుంది.

దీనిలో అంతకంటే విలువైన భాగం నివేదికలు. రికార్డులో ఒక చిరునామా ఇస్తే, గూగుల్ వంటి సంస్థలు ఆ డొమైన్ పేరుతో తమకు ఏ ఐపీ చిరునామాల నుండి ఎన్ని మెయిళ్లు వచ్చాయో, ఏవి పరీక్షలో నెగ్గాయో సాధారణంగా రోజుకొకసారి పంపుతాయి. తమ పేరును ఎవరు వాడుతున్నారో సంస్థకు తెలియడం బహుశా ఇదే మొదటిసారి అవుతుంది. పరీక్షల విభాగమో, గ్రంథాలయమో ఎవరికీ చెప్పకుండా వాడుతున్న బయటి సేవ ఏదో ఒకటి ఆ నివేదికలలో తేలుతుంది. అందువల్ల మొదటి కొన్ని వారాలు ‘ఏమీ చేయవద్దు’ అన్న విధానంతో ఉంచి, నివేదికలు చదివి, వదిలిపోయిన సేవలను ఎస్‌పీఎఫ్, డీకిమ్‌ల కిందికి తెచ్చి, ఆ తరువాతనే తిరస్కరణకు వెళ్లాలి. చాలా సంస్థలు మొదటి మెట్టు దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోతాయి. అక్కడ ఆగిపోయిన డీమార్క్ మోసాన్ని చూపిస్తుంది గాని ఆపదు.

తొందరపాటుకు మూల్యం ఎంతో 2014 ఏప్రిల్‌లో తెలిసింది. యాహూ సంస్థ తన డొమైన్‌కు తిరస్కరణ విధానాన్ని ప్రకటించగానే, చర్చాబృందాల ద్వారా వెళ్లే యాహూ సభ్యుల మెయిళ్లు పెద్ద ఎత్తున తిరిగి రావడం మొదలైంది. బృందపు సర్వరు విషయ పంక్తిలో బృందం పేరును, చివర ఒక పాదపంక్తిని చేర్చడంతో డీకిమ్ సంతకం చెడుతుంది. పంపేది బృందపు సర్వరు గనుక ఎస్‌పీఎఫ్ కూడా సరిపోలదు. నేటికీ మెయిలు బృందాల ద్వారా సాగే సాహిత్య చర్చలలో పాల్గొనే అధ్యాపకులు ఉన్న సంస్థ ఈ సంగతిని దృష్టిలో ఉంచుకోవాలి.

డీమార్క్ చేయలేనిది కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. హెచ్ తరువాత ఏ ఉన్న మహబూబ్‌నగర్‌కు అది కావలి కాస్తే, ఏ లేని మహబూబ్‌నగర్‌ను వేరొకరు కొని, దానికి తప్పులేని ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు పెట్టుకుని మెయిలు పంపడాన్ని అది అడ్డుకోదు. ఆ మెయిలు అన్ని పరీక్షలలోనూ నెగ్గుతుంది, ఎందుకంటే అది అబద్ధమాడడం లేదు; తన డొమైన్ పేరునే చెబుతోంది. నకిలీ పత్రికల వ్యాపారానికి ఇంతకంటే అనువైన దారి లేదు. కనుక వర్ణక్రమ భేదాలు ఎక్కువగా ఉన్న స్థలనామాన్ని ఎంచుకున్న సంస్థ, ముఖ్యమైన ప్రత్యామ్నాయ రూపాలను కూడా తానే నమోదు చేసుకోవలసి వస్తుంది. మెయిలుకు వాడని ఆ డొమైన్లకు కూడా రికార్డులు అవసరం. 2015 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7505 ప్రకారం చుక్క మాత్రమే ఉన్న ఎంఎక్స్ పెడితే ‘ఇక్కడ మెయిలు అందుకోబడదు’ అని అర్థం. ఎస్‌పీఎఫ్‌లో అనుమతులేవీ లేకుండా ‘-ఆల్’ మాత్రమే రాయాలి. డీమార్క్‌లో తిరస్కరణను మొదటి రోజు నుండే ప్రకటించవచ్చు. విద్యాసంస్థలకు మరొక వెసులుబాటు ఉంది. .ఏసీ.ఇన్ పేర్లను ఎర్నెట్ ఇండియా విద్యాసంస్థలకు మాత్రమే ఇస్తుంది. ఆ కొస చూసి చిరునామాను పోల్చుకోవడం పరిశోధకులకు అలవాటైతే .కామ్‌లోని నకిలీల బలం చాలావరకు తగ్గుతుంది. భేదాలు తక్కువగా ఉన్న పాలమూరు వంటి పేరును ఎంచుకుంటే ఈ భారం మొదటే తేలికవుతుంది.

7. కాలవ్యవధి, అప్పగింత

ప్రతి రికార్డుకు టీటీఎల్ అనే కాలవ్యవధి ఉంటుంది. దానిని సెకన్లలో చెబుతారు. 3600 అంటే, ఒకసారి చదివినవారు గంటసేపు ఆ జవాబునే వాడుకోవచ్చని అర్థం. సర్వరు మార్చడానికి ఒకరోజు ముందు దానిని 300కు తగ్గిస్తే మార్పు అయిదు నిమిషాలలో తెలుస్తుంది. లేని రికార్డును అడిగినప్పుడు ‘లేదు’ అన్న జవాబు కూడా కొంతసేపు నిల్వ ఉంటుంది. రికార్డు రాయకముందే పదేపదే పరీక్షించేవారు, రాసిన తరువాత కూడా అది కనిపించడం లేదని కంగారుపడడానికి ఇదే కారణం.

అసలు ప్రమాదం సెకన్లలో కాదు, సంవత్సరాలలో ఉంది. ఆసక్తి గల ఒక అధ్యాపకుడు తన సొంత ఖాతాతో డొమైన్ నమోదు చేసి, రికార్డులు రాసి, అన్నీ సవ్యంగా నడిపి, కొన్నేళ్లకు బదిలీ మీద వెళ్లిపోవడం ప్రభుత్వ కళాశాలల్లో సహజమైన పరిణామం. ఛార్జి అప్పగించేటప్పుడు బీరువా తాళాలు, స్టాకు రిజిస్టరు, గ్రంథాలయ పుస్తకాల లెక్క చేతులు మారతాయి. డొమైన్ ఖాతా సంకేతపదం ఆ జాబితాలో ఉండాలన్న ఊహ ఎవరికీ రాదు. రుసుము కట్టే గడువు దాటితే పాత యజమానికి కొంత వ్యవధి ఇచ్చి, ఆపైన ఆ పేరును ఎవరైనా కొనుక్కోగలిగేలా వదిలేస్తారు. కొన్నవారు కొత్త ఎంఎక్స్ రికార్డు రాసిన మరుక్షణం నుండి ఆ శాఖకు పాత పరిశోధకులు పంపే పత్రాలు, సిద్ధాంతగ్రంథాల పరిశీలకులు పంపే నివేదికలు ఆ కొత్త యజమాని పెట్టెలోకి వెళ్తాయి. ఆ చిరునామాతో తెరిచిన ఇతర ఖాతాల సంకేతపదాలను మార్చుకోవడం కూడా అతనికి సాధ్యమవుతుంది. ఇంతవరకు వివరించిన ఏ రికార్డూ దీనిని ఆపలేదు, ఎందుకంటే వాటన్నిటినీ రాసే అధికారమే చేతులు మారింది.

అందువల్ల డొమైన్ నమోదు, డీఎన్‌ఎస్, సర్వరు అన్న మూడు ఖాతాల వివరాలు, రుసుము గడువు తేదీ, పీటీఆర్ కోసం సేవాసంస్థకు రాసిన లేఖ ప్రతి, డీకిమ్ కీ ఉన్న చోటు ఛార్జి జాబితాలో చేరాలి. ఆ ఖాతాలకు ఇచ్చే సంప్రదింపు మెయిలు విషయంలో మరొక జాగ్రత్త అవసరం. అది అదే డొమైన్‌లోని చిరునామా అయితే, డొమైన్ ఆగిపోయిన రోజున గడువు హెచ్చరిక కూడా చేరదు, సంకేతపదం మార్చుకునే దారి కూడా మూసుకుపోతుంది. ఆ ఒక్క చిరునామా మాత్రం బయటి సేవలో, వ్యక్తి పేరు మీద కాక ప్రిన్సిపాల్ హోదా మీద ఉండాలి.